చెవి వారసత్వం, పాట వారసత్వం



సంగీత కళానిధి డాక్టర్ శ్రీపాద పినాకపాణిగారి స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి. ఈ సభను నగరంలోని ఆడిటోరియంలో కాక, గుండ్రేవుల దగ్గర తుంగభద్ర ఒరుసుకుని పారే ఈ సి.బెళగల్ మండలంలో పెట్టడం నాకు ప్రత్యేకంగా సంతోషం కలిగించింది. పినాకపాణిగారి జీవితంలో పెద్దభాగం ఈ కర్నూలు జిల్లాలోనే గడిచింది. ఆయన చేతి వైద్యం అందుకున్నవాళ్లలో ఎక్కువమంది కచేరీ గడప తొక్కని పల్లెజనం. వారి ఊళ్లలో ఒకదానిలో ఆయన్ను తలచుకోవడం న్యాయమైన పని.

పినాకపాణిగారు 1913 ఆగస్టు 3న శ్రీకాకుళం ప్రాంతంలోని ప్రియ అగ్రహారంలో పుట్టారు. 2013 మార్చి 11న, నూరేళ్లు నిండడానికి కొద్ది నెలల ముందు, కర్నూలులో కన్నుమూశారు. కర్నూలు వైద్య కళాశాలలో వైద్యశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి దగ్గర, రంగరామానుజ అయ్యంగారి దగ్గర నేర్చుకున్న సంగీతాన్ని జీవితాంతం శోధించారు. తంజావూరు బాణీని తెలుగునాట పాదుకొల్పారు. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1984లో పద్మభూషణ్ ఆయన్ను వరించాయి. పగలు రోగి ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి గుండె చప్పుళ్లలోని తేడాను పట్టుకున్న చెవే, సాయంత్రం శిష్యుడి గొంతులో గాంధారం ఎక్కడ జారిందో పట్టుకుంది.

ఆయన సంగీతం ఎవరికి దక్కిందో చూడండి. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం. వీరిలో ఎవరూ ఆయన నెత్తురు పంచుకున్నవారు కారు. ఆయన గమకాలు, ఆయన కాలప్రమాణం, రాగాన్ని విప్పే తీరు వాళ్ల గొంతుల్లోకి వెళ్లాయి. ఆ విద్య దారి తప్పకూడదని, గమకాలతో సహా స్వరపరచిన కృతులను ‘సంగీత సౌరభం’ పేరుతో సంపుటాలుగా కూర్చారు. తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని అచ్చువేసింది. రక్తం మీదుగా నడవని ఈ వారసత్వమే ఈనాటి నా ప్రసంగానికి ఆధారం.

నేను చెప్పదలచింది ఒక్కటే. సంగీతాన్ని పట్టుకునే శక్తిలో జన్యువుల పాలు నిజంగానే ఉంది, కానీ ఆ పాలు ఏ ఇంటికీ ఏ కులానికీ గుత్తగా దక్కలేదు. ఆ శక్తి పాటగా మారాలంటే మెదడు ఎదిగే తొలి ఏళ్లలో చెవికి ధ్వని అందాలి. మన పడమటి కర్నూలు పల్లెల్లో ఎందరో పిల్లలు పాటకు దూరమవుతున్నది ఆ ఏళ్లు చేజారడం వల్లనే.

“వాళ్ల రక్తంలోనే సంగీతం ఉంది” అనే మాట మనకు కొత్తది కాదు. ఏటికి ఎగువన ఉన్న మంత్రాలయాన్నే తీసుకుందాం. రాఘవేంద్రస్వామి పూర్వాశ్రమంలో వేంకటనాథుడు, స్వయంగా వైణికుడు. ఆయన ముత్తాత కృష్ణభట్టు శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పారని, తాత కనకాచలభట్టు, తండ్రి తిమ్మణ్ణభట్టు కూడా వీణలో దిట్టలని మఠ సంప్రదాయం చెబుతుంది. నాలుగు తరాల వీణ. రాఘవేంద్రస్వామి 1671లో మంచాలలో, అంటే నేటి మంత్రాలయంలో, బృందావన ప్రవేశం చేశారు. ఆ ఊరిని ఇచ్చినవాడు ఆదోనిని ఏలిన సిద్ది మసూద్‌ఖాన్. తర్వాతి శతాబ్దంలో ఏటి అవతలి మాన్వి, చీకలపర్వి ప్రాంతాల నుంచి జగన్నాథదాసు, విజయదాసు వంటి హరిదాసుల కన్నడ కీర్తనలు ఇవతలి ఒడ్డుకు చేరాయి. తెలుగు మాట్లాడే ఇళ్లలో కన్నడ పాట ఈనాటికీ వినిపించడానికి అదొక కారణం. వంశం గురించి చెప్పేటప్పుడు మనం వీణ చేతులు మారడాన్ని గుర్తుంచుకుంటాం. వేంకటనాథుడి ఇంట్లో పిల్లవాడు పుట్టిన నాటి నుంచీ వీణ మోగుతూ ఉండేదన్న సంగతిని మాత్రం పక్కన పెడతాం.

ఇదే మాటకు మరో ముఖం ఉంది. పీర్ల పండుగ రాత్రి గుండం దగ్గర తప్పెట వేడిచేసే మనిషిని మీలో అందరూ చూసే ఉంటారు. చెమ్మ పట్టిన తోలు వదులై, మందంగా మోగుతుంది. ఆయన ఎండుగడ్డి మంటకు దాన్ని ఎదురుగా పట్టి, నాలుగువైపులా తిప్పుతాడు. వేళ్లతో ఒకసారి తడతాడు, తల వంచి వింటాడు, చాలకపోతే మళ్లీ మంటకు పడతాడు. చెమ్మ ఆరేకొద్దీ తోలు బిగుస్తుంది, శ్రుతి పైకి లేస్తుంది. పక్కవాడి తప్పెట పక్కన తనది ఎక్కడ నిలవాలో అక్కడ నిలిచిందని చెవి చెప్పేదాకా ఆయన దాన్ని మెడకు తగిలించుకోడు. ఏ యంత్రమూ లేదు, ఏ స్వరస్థానమూ కాగితం మీద లేదు. పక్కనే గడ్డి అందిస్తూ నిలబడిన పిల్లవాడు అదంతా వింటూ ఉంటాడు. విద్వత్తు అంటే ఇదే. అయినా ఆ మనిషిని విద్వాంసుడని పిలిచినవాళ్లు లేరు.

వీణ ఇంట్లో ‘రక్తంలో ఉంది’ అన్న మాట గౌరవమైంది. తప్పెట ఇంట్లో అదే మాట సంకెల అయింది. చావుకు, జాతరకు, దండోరాకు వాయించడం మాదిగ కుటుంబాలకు పుట్టుకతో వచ్చిన పనిగా ఊరు నిర్ణయించింది. వారి చెవిలోని సూక్ష్మతను పొగిడే మాటే, వారి పిల్లలు మరో విద్య నేర్వకుండా అడ్డుకునే మాట కూడా అయింది. ఇక్కడ జన్యుశాస్త్రాన్ని ప్రస్తావించేవాళ్లు ఈ చరిత్రను దాటేసి మాట్లాడితే అది శాస్త్రానికి కూడా అన్యాయమే.

నాగస్వరం కథ ఈ నమ్మకాన్ని మరోవైపు నుంచి కదిలిస్తుంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా ముస్లిం నాగస్వర విద్వాంసుల వంశంవారు. ఆ కుటుంబాలు తరాల పాటు దేవాలయాల ముందు త్యాగరాజ కృతులు పలికించాయి. ఆయన శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. గుడి వాద్యం మసీదుకు వెళ్లే ఇళ్లలో అంత నిండుగా పండిందంటే, పాట ఏ దారిన నడుస్తుందో ఆలోచించవలసి ఉంటుంది.

యూరప్‌లో ఈ నమ్మకానికి శాస్త్రం తొడుగు తొడిగినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్. 1869లో వెలువడిన గ్రంథంలో ఆయన ప్రతిభ వంశాల్లో నడుస్తుందని వాదించాడు, సంగీతకారులకు ఒక అధ్యాయమే కేటాయించాడు. జర్మనీలో రెండు శతాబ్దాల పాటు యాభైమందికి పైగా సంగీతకారులను ఇచ్చిన బాఖ్ కుటుంబం ఇలాంటి వాదనకు ప్రధాన సాక్ష్యం. కానీ బాఖ్‌ల ఇంట్లో పుట్టిన పిల్లవాడికి తండ్రి జన్యువులతో పాటు తండ్రి వాద్యం, తండ్రి పాఠం, తండ్రి కొలువు కూడా అందాయి. ఈ రెంటినీ వేరుచేసే సాధనం గాల్టన్ దగ్గర లేదు. ఆయన ఆలోచన తర్వాత సుప్రజననవాదంగా ముదిరి, ‘తక్కువ రకం’ అనిపించుకున్న లక్షలాది మంది జీవితాల మీద విరుచుకుపడింది.

మన దగ్గరా జన్యువులూ ఇంటి శిక్షణా విడదీయలేనంతగా పెనవేసుకున్నాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు, తండ్రి పట్టాభిరామయ్య సంగీతకారుడు. బిడ్డ పసిగుడ్డుగా ఉండగానే తల్లి పోయారు. తల్లి నుంచి ఆయనకు వచ్చింది జన్యువులేనా, కడుపులో ఉండగా విన్న వీణ కూడానా, పెంచిన తండ్రి సంగీతం పాలు ఎంత? ఒక మనిషి జీవితంలో ఈ లెక్క తేలదు. అందుకే శాస్త్రజ్ఞులు కవలల దగ్గరికి వెళ్లారు.

ఒకే అండం నుంచి వచ్చిన కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. వేర్వేరు అండాల కవలలు మామూలు తోబుట్టువుల్లా సగం మేరకు పంచుకుంటారు. రెండు రకాలవాళ్లూ ఒకే ఇంట్లో పెరుగుతారు. మొదటివారి మధ్య పోలిక రెండోవారి కంటే ఎంత ఎక్కువో చూస్తే జన్యువుల పాలు అంచనాకు వస్తుంది. 2001లో డెన్నిస్ డ్రేనా బృందం బ్రిటన్‌లో 284 జతల కవలలకు తెలిసిన బాణీలనే వినిపించింది. కొన్నిటిలో కావాలని స్వరాలు తప్పించింది. తప్పును పట్టుకునే శక్తిలోని తేడాల్లో 70 నుంచి 80 శాతం దాకా జన్యువుల తేడాలకు ముడిపడి ఉన్నట్టు లెక్క తేలింది. 2007లో కెనడాలో ఇసబెల్ పెరెట్జ్ బృందం పుట్టుకతోనే రాగభేదం తెలియనివారి కుటుంబాలను పరీక్షించింది. వారి దగ్గరి రక్తసంబంధీకుల్లో 39 శాతం మందికి అదే లోపం ఉంది, మామూలు కుటుంబాల్లో అది 3 శాతం మాత్రమే. 2014లో స్వీడన్‌లో పదివేలకు పైగా కవలలను పరిశీలించిన మిరియం మోసింగ్, ఫ్రెడ్రిక్ ఉలెన్‌లు మరింత ముందుకు వెళ్లారు. సాధన చేయాలన్న మొగ్గులో కూడా జన్యువుల పాలు ఉందనీ, ఒకే అండం కవలల్లో ఒకరు ఎక్కువ సాధన చేసినా స్వరాల, లయల తేడాను గుర్తించే పరీక్షలో ఇద్దరూ దాదాపు ఒక్కటిగానే నిలిచారనీ చూపారు.

ఈ ఫలితాలను దాచవలసిన అవసరం లేదు. అందరి చెవులూ పుట్టుకతో ఒకే రకం అనడం దయగా వినిపించే మాటే గాని నిజం కాదు. అయితే రెండు సంగతులు గట్టిగా పట్టుకోవాలి. ఆ పరీక్షలు కొలిచింది తేడాలను గుర్తించడాన్ని. వర్ణం మూడు కాలాల్లో పాడటాన్ని, తోడి రాగాన్ని అరగంట నడపడాన్ని కాదు. అవి సాధన లేకుండా వచ్చినవాడు ఇంతవరకు పుట్టలేదు. రెండోది, ఆ శాతం ఒక మనిషి గొంతులో ఇంత జన్యువు, ఇంత శిక్షణ అని పంచి చెప్పేది కాదు. ఒక సమాజంలో మనుషుల మధ్య ఉన్న తేడాలకు అది లెక్క. అందరికీ బడి, వాద్యం, తీరిక దాదాపు సమానంగా అందే స్వీడన్ వంటి దేశంలో మిగిలే తేడా జన్యువులదిగా కనిపించడం సహజం. ఒక పిల్లకు హార్మోనియం ఉండి, మరో పిల్ల మిరపతోటలో కాయలు కోస్తున్న చోట లెక్క మరోలా ఉంటుంది. స్వీడన్ అంకెను తెచ్చి మన వాడల మీద పెట్టి, వీళ్లకు ఇంతే రాసిపెట్టి ఉందనడం గణితం తెలియనితనం.

మరి ఆ జన్యువులు ఏవి? 2022లో రేనా గోర్డన్ బృందం ఆరు లక్షలకు పైగా మనుషుల జన్యు సమాచారాన్ని జల్లెడ పట్టింది. పాటకు తగ్గట్టు తాళం వేయగలరా అన్న ఒక్క ప్రశ్నకు వారిచ్చిన జవాబుతో పోల్చి చూసింది. జన్యుపటంలో 69 చోట్ల సంబంధం బయటపడింది. ఒక్కో చోటి ప్రభావం అతి స్వల్పం. అన్నీ కలిపినా తేడాల్లో ఆరో వంతు దాటి వివరించలేకపోయాయి. సంగీతానికి ఒక జన్యువు లేదు, తాళానికీ లేదు. వేలకొద్దీ చిన్న తేడాలు కలిసి చెవిని కొద్దిగా ఇటో అటో వంచుతాయి. అవి మెదడు నిర్మాణంలో, నడకలో, శ్వాసలో కూడా పాలుపంచుకునే తేడాలే.

ఆ లెక్కను ఒక మహనీయుడి మీద పెట్టి చూశారు. బీథోవెన్ తలవెంట్రుకల నుంచి తీసిన జన్యుక్రమం 2023లో ప్రచురితమైంది. 2024లో దాన్ని ఈ తాళపు లెక్కతో తూచారు. ఆయనకు వచ్చిన స్థానం వందమందిలో కింది నుంచి పదో మనిషికి దగ్గర. పాశ్చాత్య సంగీతాన్ని మలుపు తిప్పిన మనిషి, జన్యు పరీక్ష మీద ఆధారపడి పిల్లలను ఎంచుకునే బడిలో సీటు సంపాదించేవాడు కాదు. ఆ పరిశోధకులు ఈ ఫలితాన్ని హెచ్చరికగానే ప్రచురించారు.

మన దేశంలో ఈ చర్చకు కులం వచ్చి చేరుతుంది కనుక ఇక్కడ కొంచెం ఆగాలి. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్‌లు అమెరికా సహచరులతో కలిసి 2009లో, తర్వాత 2013లో ప్రచురించిన పరిశోధనలు మన చరిత్రను మన నెత్తురులోంచే చదివాయి. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు భారతీయ సమూహాలు ఒకదానితో ఒకటి విస్తారంగా కలిశాయి. ఆ తర్వాతే కులంలోపలి పెళ్లిళ్లు గట్టిపడ్డాయి. అంటే వీణ వాయించిన ఇంటికీ తప్పెట వాయించిన ఇంటికీ పూర్వులు ఒకే కలగలుపులోంచి వచ్చారు. కులం లోపలే పెళ్లిళ్లు జరిగిన శతాబ్దాల్లో ఏదో ఒక జన్యులోపం ఒక సమూహంలో పేరుకోవచ్చు, వైద్యులుగా మేము దాన్ని చూస్తూనే ఉన్నాం. కానీ వేల తేడాల మీద ఆధారపడిన చెవి సూక్ష్మత అలా ఒక గుంపులో బందీ కాదు. మనుషుల జన్యుభేదంలో సుమారు 85 శాతం ఏ సమూహంలోనైనా లోపలి మనుషుల మధ్యే ఉంటుందని రిచర్డ్ లెవాంటిన్ 1972లోనే లెక్క కట్టాడు. మంచి చెవితో పుట్టే బిడ్డ ఏ వాడలోనైనా పుడుతుంది. ఆ చెవిని ఎవరు పలకరిస్తారన్నదే వాడవాడకీ మారుతుంది.

ఇక మెదడు. చెవి లోపల కాక్లియా అనే చిన్న చుట్టలో సుమారు 3,500 లోపలి రోమకణాలు వరసగా ఉంటాయి. మొదట్లో ఉన్నవి హెచ్చు స్థాయికి, చివర ఉన్నవి మంద్రానికి స్పందిస్తాయి. ఈ వరస చెదరకుండా నరాల మీదుగా మెదడు కణత భాగం దాకా వెళుతుంది. అక్కడితో సంగీతం అయిపోదు. స్వరాల ఎత్తుపల్లాలను పోల్చడంలో కుడివైపు కణత భాగం ముందుంటుంది. లయ వినబడగానే, కాలు కదలకపోయినా, కదలికను నడిపే భాగాలు కూడా మేలుకుంటాయి. మన తాళం చేతిమీద వేయడం, జతులు నోటితో పలకడం ఈ ముడిని తరతరాలుగా వాడుకున్న బోధనే. 2011లో మాంట్రియల్‌లో జరిగిన ప్రయోగంలో, పాటలో ఒళ్లు జలదరించే చోట మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదల కావడాన్ని కొలిచారు. ఆ చోటు రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లో ఒక భాగం, అది వచ్చిన క్షణాన మరో భాగం పనిచేశాయి. అనుపల్లవి ముగిసి, స్వరాలు సుడులు తిరిగి, పల్లవి ఎత్తుగడకు సరిగ్గా వచ్చి వాలినప్పుడు సభలో తలలు ఒక్కసారిగా ఊగడం మనం చూస్తాం. అలా ఎదురుచూడాలంటే ఆ ఎత్తుగడ ఎక్కడుందో మెదడుకు ముందే తెలిసి ఉండాలి. ఆ తెలివి జన్యువులు ఇచ్చేది కాదు, వినికిడి ఇచ్చేది.

ఆ వినికిడి చాలా ముందే మొదలవుతుంది. కడుపులో ఆరు నెలలు దాటిన శిశువుకు ధ్వని అందుతుంది. 2009లో హంగరీ, నెదర్లాండ్స్ పరిశోధకులు రెండు మూడు రోజుల పసికందులకు నిద్రలో తాళం వినిపించి, దెబ్బ పడవలసిన చోట ఆపేశారు. పసిమెదడు ఆ లోటును గుర్తించింది. లయ పట్ల ఈ ఆశ మనిషికి పుట్టుక కానుక. దాన్ని శిక్షణ ఎంతగా మలుస్తుందో 2018 నాటి మరో స్వీడన్ అధ్యయనం చూపింది. అందులో ఒకే అండం కవలల జతలు, ఒకరు పియానో కొనసాగించినవారు, మరొకరు మానేసినవారు. ఇద్దరి జన్యువులూ ఒకటే. అయినా సాధన చేసినవారి మెదడులో చెవినీ చేతినీ కలిపే ప్రాంతాల పొర మందంగా ఉంది, వాటిని ముడివేసే నరాల తంతువులు బలపడ్డాయి. నాలుగేళ్ల ముందటి కవలల అధ్యయనం చదివి సాధన వృథా అనుకున్నవారికి ఈ ఫలితం పక్కన పెట్టి చూపాలి. తేడాను గుర్తించే చెవిని జన్యువులు చాలావరకు నిర్ణయించినా, వాయించే మెదడును సాధన కడుతుంది.

ఇప్పుడు మన పల్లెలకు నేరుగా తగిలే విషయానికి వస్తాను. పాటను కట్టే ఒక్క జన్యువు లేదని చెప్పాను. పాటను పూర్తిగా మూసివేసే ఒక్క జన్యువు మాత్రం ఉంది, ఒకటి కాదు, వందకు పైగా ఉన్నాయి. ప్రపంచమంతటా వెయ్యిమంది పిల్లల్లో ఒకరిద్దరు చెవుడుతో పుడతారు. అందులో సగానికి పైగా కేసులకు కారణం జన్యువులు. మన దేశంలో తరచుగా కనిపించేది జీజేబీ2 అనే జన్యువులోని లోపం. కాక్లియా కణాల మధ్య పొటాషియం రాకపోకలకు దారి కట్టే మాంసకృత్తును ఆ జన్యువు తయారుచేయిస్తుంది. ఆ దారి మూసుకుంటే రోమకణాలు పలకవు. ఈ లోపం ఉన్న బిడ్డ తల్లికీ తండ్రికీ సాధారణంగా వినికిడి బాగానే ఉంటుంది, ఎందుకంటే వాళ్లలో ఒక ప్రతి చెడినా రెండోది పనిచేస్తుంది. ఇద్దరి నుంచీ చెడిన ప్రతే బిడ్డకు వస్తే చెవుడు తప్పదు. ప్రతి కాన్పులో ఆ ప్రమాదం నాలుగింట ఒకటి.

చెడిన ప్రతి ఒకటే ఉన్న ఇద్దరు కలవడం మామూలుగా అరుదు. మేనరికాల్లో అది అంత అరుదు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు దగ్గరి బంధువుల మధ్యే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మేనబావను చేసుకుంటే పుట్టే బిడ్డలో పదహారో వంతు జన్యుస్థానాల్లో ఒకే పూర్వుడి ప్రతి రెండుసార్లు చేరే అవకాశం ఉంటుంది. అక్క కూతుర్ని మేనమామ చేసుకుంటే అది ఎనిమిదో వంతు. మేనరికం మన ఆప్యాయత, మన పొలం చెదరకుండా చూసుకునే ఏర్పాటు. దాని వెనుక ఉన్న ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. చెవిటి బిడ్డ పుడితే అది తల్లి పాపమనీ, గ్రహణం నాడు బయటికి వచ్చిన ఫలమనీ నిందవేయడం మాత్రం ఈ తరంతో ఆగిపోవాలి. అది ఇద్దరి నుంచీ సమానంగా వచ్చిన ప్రతి.

ఆ బిడ్డకు కాలం అన్నిటికంటే ముఖ్యం. అను శర్మ అనే శాస్త్రవేత్త 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పుట్టుచెవుడు పిల్లలకు మూడున్నరేళ్లలోపు కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి పరికరాన్ని శస్త్రచికిత్సతో అమర్చితే మెదడు శ్రవణభాగం మిగతా పిల్లల్లాగే ఎదుగుతుంది. ఏడేళ్లు దాటాక అమర్చితే ధ్వని చేరినా, దాన్ని అందుకోవలసిన చోటు వేరే పనులకు మళ్లిపోయి ఉంటుంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చిన్నపిల్లలకు ఈ శస్త్రచికిత్స అందుతోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుచెవుడును తొలిదశలోనే గుర్తించవలసిన లోపాల జాబితాలో చేర్చింది. పథకం ఉంది, శస్త్రచికిత్స ఉంది, లేనిది మొదటి సంవత్సరంలోనే బిడ్డ వినడం లేదని కనిపెట్టడం. పిల్ల మాట్లాడకపోతే ‘వాళ్ల నాయన కూడా ఆలస్యంగానే మాట్లాడాడు’ అని మూడేళ్లు ఎదురుచూస్తాం. ఆ మూడేళ్లే మెదడుకు కావలసినవి.

చెవిటి బిడ్డకు ఏ ఏళ్లు కీలకమో, చక్కగా వినే బిడ్డకు పాట విషయంలోనూ ఇంచుమించు అవే ఏళ్లు కీలకం. ఏడేళ్లలోపు సంగీతం మొదలుపెట్టినవారి మెదడులో రెండు అర్ధభాగాలను కలిపే వంతెన మందంగా ఉంటుందని గాట్‌ఫ్రీడ్ ష్లాగ్ 1995లోనే చూపాడు. మన ప్రాంతంలో ఆ ఏళ్లు ఎక్కడ గడుస్తున్నాయి? కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని మండలాల నుంచి పంట పోయిన ప్రతి ఏడూ కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి గుంటూరు వైపు వెళతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. తప్పెట కొట్టే తండ్రి, కోలాటం వేసే తల్లి, చెక్కభజనలో అడుగులు నేర్చుకుంటున్న పిల్ల, అందరూ ఒకే లారీలో. ఊరి జాతరకు మనుషులు ఉండరు, భజన గుడిలో దీపం పెట్టేవాళ్లు ఉండరు. నాలుగైదు నెలల తర్వాత తిరిగి వచ్చిన పిల్ల అడుగు మరిచిపోయి ఉంటుంది, ఆ పిల్లకు నేర్పవలసిన ముసలి గురువు ఏటికేడు తగ్గిపోతూ ఉంటాడు. తుంగభద్ర చేరువలోనే ఉన్నా పొలానికి నీరు లేకపోవడం ఈ వలసకు మూలం. కళ నశించిపోతోందని మనం సభల్లో బాధపడతాం. దాని కారణాల్లో ఒకటి సాగునీరు అని ఎవరూ చెప్పరు.

పినాకపాణిగారు చదువుకున్న శిష్యులకు గమకాన్ని కాగితం మీదికి తెచ్చి ఇచ్చారు. మన చెక్కభజన అడుగులకు, పీర్ల పండుగ తప్పెట దరువులకు, హరిదాసుల పాటలకు ఆ పని ఇంకా జరగవలసి ఉంది. వలసవెళ్లే తల్లిదండ్రుల పిల్లల కోసం మన మండలాల్లో నడిచే సీజనల్ హాస్టళ్లను నేను చూశాను. అన్నం పెడుతున్నారు, చదువు చెబుతున్నారు. సాయంత్రం ఐదు నుంచి రాత్రి భోజనం దాకా పిల్లలు ఊరికే కూర్చుంటున్నారు. ఈ సభలో కూర్చున్న భజన గురువుల్లో, తప్పెట కళాకారుల్లో కొందరిని ఆ గంటల్లో అక్కడికి పంపించి, రోజుకూలి తగ్గకుండా గౌరవ వేతనం ఇప్పించడం మండల స్థాయిలోనే సాధ్యమయ్యే పని. తప్పెట నేర్పేటప్పుడు అన్ని వాడల పిల్లలూ ఒకే వరసలో నిలబడాలన్నది నా అభ్యర్థన. వీణకూ అదే నియమం.

రెండో అభ్యర్థన పసికందుల చెవుల గురించి. ఆరోగ్యమైన కాక్లియా తనకు ధ్వని చేరగానే తానూ సన్నటి ధ్వనిని వెనక్కి పంపుతుందని డేవిడ్ కెంప్ 1978లో కనుగొన్నాడు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న మొన పెట్టి ఆ జవాబు వస్తోందో లేదో కొద్ది నిమిషాల్లో చూడవచ్చు. సూది లేదు, మత్తు లేదు. అలాంటి పరికరం ఒకటి ఈ మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెప్పించాలని అధికారులను కోరుతూ ఒక వినతిపత్రం రాసి తెచ్చాను. మేనరికపు ఇళ్లలో పుట్టే బిడ్డలకు, ఇంతకుముందు చెవిటి బిడ్డ ఉన్న ఇళ్లలో రెండో కాన్పుకు ముందుగా ఆ పరీక్ష జరగాలని అందులో కోరాను. ఆశా కార్యకర్తలు సభ వెనుక బల్ల దగ్గర కాగితం పట్టుకుని కూర్చున్నారు. వెళ్లేటప్పుడు సంతకం చేయండి, రాయడం రానివారు వేలిముద్ర వేయండి.